జీతం వస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో పనిచేసే దళితులు అసంతృప్తి బయటపెడితే తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1976లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో దీనికి జవాబు దొరుకుతుంది. మనిషి తాను విలువైనవిగా భావించేవి పనిలో నెరవేరుతున్నాయని అనుకున్నప్పుడే ఉద్యోగ సంతృప్తి కలుగుతుందని ఆయన అన్నాడు. ఏ విలువ ఎంత ముఖ్యమన్నది మనిషిని బట్టి మారుతుంది. ఆత్మగౌరవమే ముఖ్యమైన చోట ఇంక్రిమెంటు ఆ లోటు తీర్చదు.

అంబేడ్కర్ వదులుకున్న రెండు కొలువులు చూద్దాం. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియాలో చదివిన ఆయన, ఒప్పందం ప్రకారం 1917లో అక్కడ ఉద్యోగంలో చేరారు. ఆఫీసులో కిందివాళ్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. కులం దాచి పార్శీ సత్రంలో దిగితే, కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఉండడానికి చోటు లేక ఆయన బరోడా వదిలారు. అక్కడ దక్కనిది గౌరవం.

1951 సెప్టెంబరులో ఆయన కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం, షెడ్యూల్డ్ కులాల పట్ల ప్రభుత్వ నిర్లక్ష్యం ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి. ఈసారి పదవి ఉంది, దాని ప్రయోజనమే నెరవేరలేదు.

విలువకు పనిలో చోటు దొరికితే ఏమవుతుందో ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ జీవితం చెబుతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తీసుకెళ్లడానికి ఆయన డ్యూటీ లెక్క చూసుకోలేదు. పాలకుల ఆగ్రహానికీ వెనక్కి తగ్గలేదు. తర్వాత పద్మభూషణ్‌ను కూడా వద్దన్నారు.

అయితే ఒక తేడా గమనించాలి. శంకరన్ దళితుడు కాదు. ఆయన పట్టుదలను జనం నిబద్ధత అన్నారు. అదే పని దళిత అధికారి చేస్తే 'కులాభిమానం' అనే ముద్ర పడుతుంది. లాక్ సిద్ధాంతం వ్యక్తి మనసులో జరిగేది చెబుతుంది. ఎవరి విలువకు ఆఫీసులో చోటు ఉండాలో మన దగ్గర చాలాసార్లు కులమే తేలుస్తుంది.

అందుకే ఒక దళిత ఉద్యోగి మౌనంగా ఉన్నా, సెలవులు పెడుతున్నా, రాజీనామా చేసినా 'సర్దుకుపోలేడు' అని తేల్చేయకూడదు. ప్రమోషన్లలో రోస్టర్ పాటిస్తున్నారా, ముఖ్యమైన సీట్లు ఎవరికి ఇస్తున్నారు, ఫిర్యాదు చేస్తే ఎవరు వింటున్నారు అని అడగాలి. రాజ్యాంగం 338వ అధికరణ కింద ఏర్పడిన జాతీయ ఎస్సీ కమిషన్‌కు అలాంటి ఫిర్యాదులు విచారించే అధికారం ఉంది. మార్చుకోవాల్సింది ఆ ఉద్యోగి మనసా, ఆ ఆఫీసు తీరా అన్నది ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే చెబుతాయి.