నిద్రకు భంగం కలిగించని కంప్యూటర్: సూరత్ ఇరుకు గదుల్లో ఏది అనువు?

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా, పాండేసరా ప్రాంతాల్లో మరమగ్గాలు రాత్రింబవళ్లు రెండు పాళీల్లో నడవడం సాధారణం. తెలంగాణ నేత జిల్లాల నుంచి వలస వచ్చి దశాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం వారే. ఈ కుటుంబాల్లో చాలామందికి నివాసం ఒకటి రెండు గదులే. రాత్రి పాళీ ముగించుకొని ఉదయం ఇల్లు చేరిన నేత కార్మికుడు ఎక్కడ నిద్రిస్తాడో, పిల్లల చదువూ అక్కడే సాగుతుంది. ఇప్పుడు కంప్యూటర్, దానితోపాటు ఇంటర్నెట్ పరికరాలు కూడా ఆ గదిలోకే చేరాయి.

మగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటడం మామూలే. అంత రొదలో పనిచేసే వ్యక్తికి కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు ఒక లెక్కా అని అనిపించవచ్చు. కానీ అంత రొద విన్న చెవులకే విశ్రాంతి ఎక్కువ అవసరం. నిద్రకు భంగం కలగకుండా ఉండాలంటే పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు పరిమితి 45 డెసిబెళ్లు, పగలు 55. అంటే చట్టం లెక్కలో నిద్ర రాత్రివేళకే పరిమితం. పగలు నిద్రించేవారికి నిశ్శబ్దాన్ని ఇంటివారే సమకూర్చాలి. ఒక పాత డెస్క్‌టాప్ మీటరు దూరంలో 35 నుంచి 45 డెసిబెళ్ల చప్పుడు చేస్తుంది కనుక, కొనేటప్పుడు ఈ విషయాన్ని కూడా పరిశీలించాలి.

కంప్యూటర్ శబ్దానికి మూలం వేడి. యంత్రం వాడుకునే ప్రతి వాట్ విద్యుత్తూ చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఆ వేడిని తోడేయడానికి ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్యాన్ తిరిగితే చప్పుడు వస్తుంది. కాబట్టి తక్కువ విద్యుత్తు, తక్కువ శబ్దం అనేవి రెండు వేర్వేరు కోరికలు కావు. ముందు వాట్లు తగ్గించుకుంటే నిశ్శబ్దం చాలావరకు దానంతట అదే వస్తుంది.

ఫ్యాన్ విషయంలో ఒక భౌతిక సూత్రం ఉపకరిస్తుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగం తగ్గుతుంది గాని, శబ్దం సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. ఫ్యాన్ వాడే విద్యుత్తు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ చేసే పనిని, 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ ఈల వేసినట్టు అరుస్తూ చేస్తుంది. అసలు ఫ్యానే లేని కంప్యూటర్లు కూడా ఉన్నాయి. వాటిని కొనమని సలహా ఇచ్చేవారు సూరత్ వేసవిని మరచిపోతుంటారు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరే రోజుల్లో, రేకుల కప్పు కింద, గాలి ఆడని గదిలో ఫ్యాన్ లేని యంత్రం వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అటువంటి ఇంటికి నెమ్మదిగా తిరిగే ఒక మంచి ఫ్యాన్ ఉన్న యంత్రమే మేలు.

మరి ఏ యంత్రం? పిల్లల చదువుకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు, చిన్న వ్యాపారపు బిల్లులకు భారీ ప్రాసెసర్ అక్కరలేదు. 2023 ఆరంభంలో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి ప్రాసెసర్‌కు కంపెనీ ప్రకటించిన విద్యుత్ స్థాయి 6 వాట్లే. దానితో తయారైన మినీ కంప్యూటర్, పని లేనప్పుడు మొత్తంగా 10 వాట్ల లోపే వాడుతుంది. కార్యాలయాల నుంచి తిరిగి అమ్మకానికి వచ్చే అరచేయి వెడల్పు డెస్క్‌టాప్‌లు మరో మార్గం. వాటిలో ప్రాసెసర్ పేరు చివర ‘టీ’ అక్షరం ఉంటే అది 35 వాట్ల తరగతికి చెందినదని అర్థం. అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వాడదలచినవారు ఇంటెల్ ప్రాసెసర్ 8వ తరం లేదా ఆ తరువాతిదేనా అని చూసుకోవాలి. ఏ యంత్రమైనా హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉన్నదే తీసుకోవాలి. అందులో తిరిగే భాగం ఉండదు, చప్పుడూ ఉండదు.

ఇరుకు ఇంటికి మాత్రం, మా అభిప్రాయంలో, మంచి స్థితిలో ఉన్న వాడిన ల్యాప్‌టాప్‌ను మించినది లేదు. తెరతో కలిపి 10 నుంచి 15 వాట్లలో పని సాగుతుంది. కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది కనుక, గుయ్యిమనే యూపీఎస్ పెట్టె కూడా అక్కరలేదు.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. 60 వాట్ల పాత డెస్క్‌టాప్ రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 18 యూనిట్లు. 10 వాట్ల యంత్రానికి 3 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే నెలకు ఆదా 90 రూపాయలే. కేవలం బిల్లు తగ్గుతుందని కొత్త యంత్రం కొనడం లాభసాటి కాదు. రోజంతా నడిచేవాటి లెక్క వేరు: ఒక్క వాట్ ఏడాది పొడవునా ఆగకుండా ఖర్చయితే 8.76 యూనిట్లు అవుతుంది. రింగ్ రోడ్ వస్త్ర మార్కెట్లలో దుకాణం మూసినా ఆన్‌లోనే ఉండే బిల్లింగ్ కంప్యూటర్ 60 వాట్లదైతే ఏడాదికి 525 యూనిట్లు దాటుతుంది. మార్చవలసింది ముందుగా అటువంటి యంత్రాన్నే.

పాత కంప్యూటర్‌తోనే సర్దుకోవాలనుకునేవారికీ మార్గాలున్నాయి. లోపలి దుమ్మును శుభ్రం చేయించాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ అనే అమరికను 100 శాతం నుంచి 99 శాతానికి తగ్గిస్తే, చాలా యంత్రాల్లో ప్రాసెసర్ హఠాత్తుగా వేగం పుంజుకోవడం ఆగుతుంది, ఫ్యాన్ అరుపూ తగ్గుతుంది. ఖర్చు ఏమీ లేదు. యంత్రాన్ని ఇనుప బీరువా మీద ఉంచితే దాని ప్రకంపనలకు బీరువా రేకు కూడా మోగుతుంది. కింద రబ్బరు ముక్కలు పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో అడాప్టర్ మీది అంకె చెప్పదు. అది గరిష్ఠ సామర్థ్యం మాత్రమే. ఇంటి మీటరే ఆ లెక్క చెప్పగలదు. మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అని రాసి ఉందనుకుందాం. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, కంప్యూటర్ ఒక్కటే నడుస్తుండగా, ఎర్ర దీపం ఒకసారి మెరిసి మళ్లీ మెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేది వాట్లు. సుమారు 19 సెకన్లు పడితే 60 వాట్లు, 112 సెకన్లు పడితే 10 వాట్లు. 1600 ఇంపల్స్ మీటరైతే 1125 బదులు 2250 తీసుకోవాలి.

ఇక నెట్‌వర్క్ పరికరాలు. ఇంటి రౌటర్లలో ఫ్యాన్ ఉండదు గాని, అవి రోజంతా ఆన్‌లోనే ఉంటాయి. 8 వాట్ల రౌటర్ ఏడాదికి 70 యూనిట్లు తీసుకుంటుంది. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టెలోనే వైఫై ఉండి, ఒకటి రెండు గదులకు అది సరిపోతుంటే, పక్కన మరో రౌటర్ పెట్టడం వృథా. ఆరు యాంటెన్నాలు చూసి మోసపోనక్కరలేదు.

దుకాణాలకు స్విచ్ కొనేవారు మరింత జాగ్రత్త వహించాలి. పాత సామాన్ల మార్కెట్లో పెద్ద కంపెనీల ర్యాక్ స్విచ్‌లు చవకగా దొరుకుతాయి. వాటిలో ఆ 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే ఉంటాయి. పని లేకపోయినా పదుల వాట్లు తింటాయి. ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ ఫ్యాన్ లేకుండా కొద్ది వాట్లతోనే పనిచేస్తుంది. 2010లో ఆమోదం పొందిన 802.3ఏజెడ్ ప్రమాణం పాటించే స్విచ్ అయితే, సమాచారం ప్రవహించని వేళ పోర్టుల ఖర్చును తానే తగ్గించుకుంటుంది.

కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగకూడదనుకునేవారు దాని కోసమే దొరికే చిన్న డీసీ యూపీఎస్‌ను ఎంచుకోవచ్చు. పెద్ద యూపీఎస్ బ్యాటరీ విద్యుత్తును ఏసీగా మారుస్తుంది, అడాప్టర్ దాన్ని మళ్లీ డీసీగా మారుస్తుంది. ఆ రెండు మార్పిడుల్లో కొంత విద్యుత్తు వృథా అవుతుంది. చిన్నదానిలో ఆ నష్టం ఉండదు, చప్పుడూ ఉండదు. కొనే ముందు రౌటర్ అడుగున ముద్రించిన వోల్టేజీ 9 వోల్టులా, 12 వోల్టులా అన్నది తప్పక చూసుకోవాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు అందితే అది పాడైపోవచ్చు.