చోటు ఇచ్చినవాడి ఘనత

జాబితాలో తన పేరు ఉందో లేదో వెతుక్కునే క్షణంలో గుండె దడదడలాడని మనిషి ఉండడేమో! పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున, ఉద్యోగాల ఎంపిక జాబితా గోడకు అతికించిన రోజున, కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారన్న కబురు అందిన రోజున మనమంతా ఆ దడను ఎరిగినవాళ్లమే. పేరుంటే స్తోత్రం, లేకపోతే మౌనం. ఏటా వేసవి చివర కొన్ని వందల మంది యువకులకు ఒక్కసారిగా ఈ అనుభవం ఎదురయ్యే చోటు ఒకటుంది. అది అమెరికా ఫుట్‌బాల్ రంగం.

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట. అమెరికావాళ్లు ఆ పేరుతో పిలుచుకునేది వేరే ఆట. కోలగా ఉండే బంతిని అందులో చేత్తో విసురుతారు, అందుకుంటారు, చంకలో ఇరికించుకుని పరుగెడతారు. ఎదుటి జట్టువాళ్లు మీదపడి పడగొడతారు. మైదానం పొడవు 100 గజాలు, చివరి గీత దాటితే టచ్‌డౌన్. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. మైదానం అంచు నుండి దూసుకెళ్లి ఆ బంతిని అందుకునేవాడు వైడ్ రిసీవర్. మొదటి ఏడాది ఆడుతున్న కొత్త కుర్రాణ్ని రూకీ అంటారు. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగువారి పిల్లలకు ఈ మాటలన్నీ కొట్టిన పిండే!

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. వేసవి శిక్షణ శిబిరంలో ఒక్కో జట్టు 90 మందిని ఉంచుకోవచ్చు. కానీ అసలు పోటీలు మొదలయ్యేలోగా జాబితాను 53కు కుదించాలి. పూర్వం ఇది రెండు మూడు విడతలుగా జరిగేది. 2023లో ఆ పద్ధతి మార్చి ఒకే గడువు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 29 ఆ గడువు. ఒక్కో జట్టులో 37 మంది చొప్పున లెక్క వేసుకుంటే 32 జట్లలో కలిపి దాదాపు 1,180 పేర్లు జాబితాల నుండి దిగిపోవాలి. కోచ్ గదికి రమ్మని పిలుపు వస్తుంది. వెళ్లినవాడు జట్టు వ్యూహాలున్న పుస్తకాన్ని అప్పగించి, సంచి సర్దుకుని బయటికి నడవాలి. అలా తీసేసిన కొత్తవాళ్లను ఒక రోజులోగా వేరే జట్టు ఏదైనా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే కొందరికి సాధన బృందంలో చోటు దొరుకుతుంది. మిగిలినవాళ్లు ఇంటికి పోవలసిందే. చిన్ననాటి నుండి కన్న కల ఒక్క మధ్యాహ్నంలో ముగిసిపోతుంది.

అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో మనకు ఇటువంటి సందర్భమే ఒకటి కనిపిస్తుంది. యూదా వదిలిపోయిన స్థానం ఒక్కటే, దానికి నిలబెట్టినవాళ్లు ఇద్దరు. యూస్తు అనే మారుపేరున్న బర్సబ్బా యోసేపు ఒకరు, మత్తీయ మరొకరు. ఇద్దరూ మొదటి నుండి ప్రభువుతో తిరిగినవాళ్లే, ఇద్దరూ అర్హులే. చీటి మత్తీయ పేరున వచ్చింది. ఆ సాయంత్రం యోసేపు ఏమనుకుని ఉంటాడని మనం ఎప్పుడైనా ఆలోచించామా? అతడు సణిగినట్టు గాని, సహవాసం విడిచి వెళ్లినట్టు గాని లేఖనంలో ఎక్కడా లేదు. ఎంపికైనవాడి గురించి ప్రసంగాలు విన్నాం. ఎంపిక కానివాడి గురించి, చోటు ఖాళీ చేసినవాడి గురించి విన్నది తక్కువ. అందుకే ఈ వారం ఒక జట్టు కథను ఆ వైపు నుండి కూడా చూద్దాం.

లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. అమెరికా ఫుట్‌బాల్‌లో అంతకు మించిన కిరీటం లేదు. ఆ జట్టులో ప్రధాన వైడ్ రిసీవర్ పేరు కూపర్ కప్. 2021 సీజన్‌లో అతడు 145 బంతులు అందుకున్నాడు, 1,947 గజాలు సాధించాడు, 16 టచ్‌డౌన్లు చేశాడు. ఈ మూడింటిలోనూ లీగ్ మొత్తానికి అతనే మొదటివాడు. సూపర్ బౌల్‌లో సిన్సినాటి జట్టుపై గెలిపించిన చివరి టచ్‌డౌన్ కూడా అతనిదే. ఆ రోజు ఉత్తమ ఆటగాడి బహుమతి అతన్ని వరించింది.

కూపర్ తన విశ్వాసాన్ని దాచుకునే మనిషి కాడు. ఆ గెలుపుకు మూడేళ్ల ముందు, 2019 ఫిబ్రవరిలో ఇదే జట్టు సూపర్ బౌల్‌లో ఓడిపోయింది. అప్పుడతడు మోకాలి గాయంతో ఆడలేక మైదానం పక్కన నిలబడ్డాడు. ఓడి బయటికి నడుస్తున్న ఆ వేళ, తాము మళ్లీ వచ్చి గెలుస్తామని, తాను ఉత్తమ ఆటగాడిగా నిలుస్తానని దేవుడు తనకు చూపించాడని 2022 విజయం తర్వాత అతడు లోకానికి చెప్పాడు. దిగువన నిలబడిన రోజున నమ్మినవాడు కాబట్టి పైకెక్కిన రోజున ఎవరికి మహిమ ఇవ్వాలో అతనికి తెలిసింది.

అయితే శిఖరం మీద ఎవరూ కాపురం పెట్టలేరు కదా! మరుసటి సీజన్‌లో అదే రామ్స్ జట్టు 5 ఆటలు గెలిచి 12 ఓడింది. కూపర్ చీలమండ దెబ్బతిని సగం సీజన్‌కే తప్పుకున్నాడు. 2023 వసంతంలో యాజమాన్యం జాబితాను తిరగరాసింది. పేరు మోసిన డిఫెండర్లు బాబీ వాగ్నర్‌ను, లియొనార్డ్ ఫ్లాయిడ్‌ను వదులుకుంది. జేలెన్ రామ్సీని మయామీ జట్టుకు ఇచ్చింది. వైడ్ రిసీవర్ అలెన్ రాబిన్‌సన్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపింది. ఖాళీలైతే ఏర్పడ్డాయి గాని, కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ జట్టుకు మొదటి విడత అవకాశమే లేదు. దాన్ని క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకున్నప్పుడే డెట్రాయిట్ జట్టుకు ఇచ్చేసింది. మిగిలిన విడతల్లో 14 మందిని ఎంచుకుంది.

ఆ డ్రాఫ్ట్ 2023 ఏప్రిల్ చివరి వారంలో కాన్సస్ సిటీలో జరిగింది. మొత్తం 259 మంది ఎంపికయ్యారు. మొదటి విడతలో 20 నుండి 23 వరకు వరుసగా నలుగురు వైడ్ రిసీవర్ల పేర్లే పిలిచారు. యూటా రాష్ట్రానికి చెందిన పుకా నకువా పేరు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజున, ఐదో విడతలో, 177వ పేరుగా రామ్స్ జట్టు అతన్ని పిలిచింది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు అతడు. అన్నదమ్ముల మధ్య తల్లి పెంపకంలో ఎదిగాడు. మొదట వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, తర్వాత సొంత రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి మారాడు. కాలేజీ రోజుల్లో గాయాలు వెంటాడాయి. పరుగులో మెరుపు వేగం లేదన్న మాట ఒకటి. కొలతలు వేసేవాళ్ల లెక్కలో అతడు వెనుకబడ్డాడు. పట్టుదలకు కొలబద్ద ఎవరి దగ్గర ఉంటుంది?

ఆగస్టు గడువు దాటింది, 53 మందిలో నకువా పేరు నిలిచింది. ఇంతలో కూపర్‌కు తొడ వెనుక కండరం పట్టేసింది. పోటీలు మొదలవడానికి ముందురోజు జట్టు అతన్ని గాయపడినవారి ప్రత్యేక జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి వెళ్తే కనీసం నాలుగు ఆటలు ఆడకూడదు. జట్టులో ఆందోళన సహజమే. ఉత్తమ ఆటగాడు లేడు, అతని చోట నిలబడాల్సినవాడు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు!

సెప్టెంబరు 10న సియాటిల్‌లో జరిగిన మొదటి ఆటలో నకువా 10 బంతులు అందుకుని 119 గజాలు సాధించాడు. వారం తిరిగేసరికి శాన్ ఫ్రాన్సిస్కో జట్టుపై 15 బంతులు అందుకున్నాడు. ఒకే ఆటలో ఒక రూకీ అన్ని బంతులు పట్టడం అదే ప్రథమం. అక్టోబరు 1న ఇండియానాపొలిస్‌లో స్కోరు సమమై అదనపు సమయానికి వెళ్లిన ఆటను టచ్‌డౌన్‌తో ముగించింది కూడా అతనే. పెద్ద పోటీల్లో అతని మొట్టమొదటి టచ్‌డౌన్ అది.

ఈ జట్టులో రిసీవర్ పని బంతి అందుకోవడంతో అయిపోదు. బంతి వేరేవాడి చేతిలో ఉన్నప్పుడు ముందుకెళ్లి ఎదుటివాణ్ని అడ్డుకోవాలి, తోటివాడికి దారి చేయాలి. ఆ పనికి గణాంకాల్లో లెక్క ఉండదు, పత్రికల్లో ఫొటో రాదు. కోచ్ షాన్ మెక్‌వే తన రిసీవర్ల దగ్గర ఖచ్చితంగా కోరేది మాత్రం అదే. ఏళ్ల తరబడి కూపర్ ఆ పని మనసుపెట్టి చేశాడు. కొత్త కుర్రాడూ అదే బాట పట్టాడు. కూపర్ దగ్గర తాను నేర్చుకున్నానని నకువా పలుమార్లు చెప్పుకున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. తన చోట నిలబడి తన పేరును మరిపిస్తున్నవాడికి విద్య నేర్పడం ఎంత కష్టం! సౌలు రాజు దావీదు పాట విన్నాడు గాని, దావీదును పొగిడిన పాటను భరించలేకపోయాడు.

ఐదో ఆటకు కూపర్ తిరిగి వచ్చాడు. ఆ సీజన్‌లో ఇద్దరూ పక్కపక్కనే ఆడారు. 2024 జనవరి 7న చివరి లీగ్ ఆట. జట్టు అప్పటికే తర్వాతి దశకు చేరుకుంది కాబట్టి కూపర్‌తో సహా ముఖ్యులకు విశ్రాంతి ఇచ్చారు. నకువా మాత్రం కాసేపు ఆడి 4 బంతులు అందుకున్నాడు. దాంతో అతని మొత్తం 105 బంతులు, 1,486 గజాలకు చేరింది. 2021లో జేలెన్ వాడిల్ నెలకొల్పిన 104 బంతుల రూకీ రికార్డు చెరిగిపోయింది. 1960 నుండి నిలిచి ఉన్న బిల్ గ్రోమన్ 1,473 గజాల రికార్డూ చెరిగిపోయింది. ముందటేడు 5 ఆటలే గెలిచిన జట్టు ఈసారి 10 గెలిచింది. నాకౌట్ దశలో డెట్రాయిట్ చేతిలో 24-23 తేడాతో ఓడింది. ఆ ఓటమిలోనూ నకువా 181 గజాలు సాధించాడు.

177వ వాడు మొదటివాడయ్యాడని చెప్పి ఇక్కడితో ఆపేస్తే కథ ఎంతో తియ్యగా ఉంటుంది. కానీ అప్పుడు మనం సగం సత్యమే చెప్పినట్టు అవుతుంది. ఎందుకంటే మరుసటి సీజన్‌లోనే, 2024లో, బ్రాక్ బవర్స్ 112 బంతులతోను మలిక్ నేబర్స్ 109 బంతులతోను ఆ 105ను దాటేశారు. ఇద్దరూ రూకీలే. రికార్డు అనేది అద్దె ఇల్లు వంటిది. తర్వాతివాడు వచ్చేదాకా ఉండనిస్తారు, అంతే.

ఇక కూపర్ సంగతి. 2025 ఫిబ్రవరిలో జట్టు అతన్ని పిలిచి, వేరే జట్టుకు పంపాలనుకుంటున్నామని చెప్పింది. ఆ నిర్ణయంతో తాను ఏకీభవించడం లేదని అతడు బహిరంగంగానే చెప్పాడు. మార్చిలో రామ్స్ జట్టు పేరున్న మరో రిసీవర్ డెవాంటే ఆడమ్స్‌ను తెచ్చుకుంది, కూపర్‌ను విడుదల చేసింది. 2017లో మూడో విడతలో 69వ వాడిగా వచ్చి, కిరీటం తెచ్చిపెట్టినవాడి పేరు జాబితా నుండి దిగిపోయింది. కొద్ది రోజులకే సియాటిల్ జట్టు అతన్ని తీసుకుంది. అతడు పుట్టిన యాకిమా ఊరు ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానిదే ఆ జట్టు.

కూపర్ బాధపడ్డాడని చెప్పడానికి మనం సంకోచించనక్కర లేదు. విశ్వాసి గాయం తగిలినా నొప్పి లేనట్టు నటించాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు. నొప్పి ఉన్నా ద్వేషం లేకుండా, తనకు తెలిసిన విద్యను దాచుకోకుండా ఉండగలిగాడా అన్నదే ప్రశ్న. ఆ పరీక్షలో అతడు గెలిచాడు.

బర్నబాను గుర్తు చేసుకుందాం. యెరూషలేములో అందరూ సౌలును చూసి భయపడుతుంటే చేయి పట్టి అపొస్తలుల దగ్గరకు తీసుకొచ్చినవాడు అతడే. తర్వాత తార్సు దాకా వెళ్లి వెదకి, అంతియొకయ సంఘంలో పరిచర్యకు నిలబెట్టినవాడూ అతడే. మొదట బర్నబా, సౌలు అని ఉన్న వరుస కొన్ని అధ్యాయాలు తిరిగేసరికి పౌలు, బర్నబా అని మారింది. పేరు వెనక్కి జరిగినందుకు బర్నబా గొడవపడిన జాడ లేదు. పైగా పౌలు వద్దని పక్కనపెట్టిన మార్కును అతడు వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆ మార్కే తనకు ప్రయోజనకరమైనవాడని అవసాన దశలో పౌలు రాయవలసి వచ్చింది. జాబితా నుండి తీసేసిన పేరును మళ్లీ రాయించగల మనుషులు సంఘానికి ఎంత అవసరమో చూడండి!

మన మధ్య ఇటువంటి చోట్లు ఎన్నో ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్న పెద్దాయన పక్కన ఒక కుర్రాడు వచ్చి కూర్చుంటాడు. సండే స్కూలు నడిపిన అక్క చేతిలోని పుస్తకం ఇంకొక అమ్మాయి చేతికి వెళ్తుంది. ఆఫీసులో మనం పని నేర్పిన జూనియరే రేపు మన పైఅధికారి అవుతాడు. ఆ రోజున ముఖం చాటేసుకుంటామా, మెళకువలు దాచుకుంటామా, లేక ఇంకా నేర్పవలసింది మిగిలి ఉందేమోనని చూస్తామా? అలాగే మనం కొత్తగా ఒక చోటికి వచ్చినవాళ్లమైతే, అది ఎవరో ఖాళీ చేసిన చోటని గుర్తుందా? వాళ్లకు ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పామా?

ఈ వారం పేరు దొరకని జాబితా ఏదైనా మన ఇంట్లో కన్నీళ్లు తెప్పించి ఉండవచ్చు. ఆ జాబితా రాసినవాళ్లు మనుషులు, దానికి గడువుంది, వచ్చే ఏడాదికి అది పాతబడిపోతుంది. మన చేతిలో ఉన్న పని మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. చోటు దొరికితే నమ్మకంగా నిలబడదాం. దాన్ని ఇచ్చేయవలసి వస్తే, వచ్చినవాడికి దారి చూపించి మరీ ఇద్దాం.