గణాంక నివేదికలను భద్రపరచడం

గణాంక నివేదిక అనగా గణాంక సాఫ్టువేరు దత్తాంశాలను విశ్లేషించి ఇచ్చే పట్టికలు, గ్రాఫులు, వివరణల సముదాయం. దత్తాంశం, దానిపై ప్రయోగించిన ఆదేశాలు, వెలువడిన ఫలితం అనునవి మూడు వేర్వేరు విషయాలు. సాధారణంగా ఫలితాన్ని మాత్రమే దాచి తక్కిన రెండింటిని విడిచిపెడుతుంటారు. చిక్కులలో అధికభాగం ఇక్కడే మొదలవుతుంది.

చిత్తూరు జిల్లా ఉదాహరణ

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి 66 మండలాలు, 41,74,064 మంది జనాభా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా విభజింపబడినది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోని కొన్ని ప్రాంతాలతో కలిసి తిరుపతి జిల్లాగా ఏర్పడ్డాయి. మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలో చేరాయి. అందువలన 2022కు ముందరి చిత్తూరు గ్రాఫును తరువాతి చిత్తూరు గ్రాఫు ప్రక్కన పెట్టి పోల్చరాదు. పేరు ఒకటే గాని ప్రదేశం వేరు. మండలాల వారీ పట్టిక, ఆదేశాల ఫైలు దాచి ఉంచినచో కొత్త సరిహద్దులకు తగినట్లు లెక్కను తిరిగి చేయవచ్చును. జిల్లా మొత్తాన్ని చూపే బొమ్మ ఒక్కటే మిగిలితే అది సాధ్యం కాదు.

ఫైలు రూపాలు

గీతలు, అక్షరాలు గల గ్రాఫును జేపెగ్‌గా దాచితే అంచులు మసకబారుతాయి. ఆ రూపం ఛాయాచిత్రాలకు తగినది. పీఎన్‌జీలో ఈ దోషం లేదు. పీడీఎఫ్, ఎస్‌వీజీ రూపాలలో గీతలు గీతలుగానే ఉంటాయి కనుక ఎంత పెద్దవి చేసినా చెదరవు; అయితే లక్షల బిందువులున్న గ్రాఫుకు ఫైలు మితిమీరి బరువెక్కుతుంది.

సాఫ్టువేరు సొంత రూపాలను నమ్ముకొనుట ప్రమాదకరం. ఎస్‌పీఎస్‌ఎస్ 15వ వెర్షను వరకు ఫలితాలను ఎస్‌పీఓ ఫైలుగాను, 16వ వెర్షను నుండి ఎస్‌పీవీ ఫైలుగాను దాచుతున్నది. పాత ఫైళ్ళను కొత్త వెర్షను నేరుగా తెరవదు, వేరే ప్రోగ్రాము కావాలి. స్వేచ్ఛా సాఫ్టువేరు అయిన ఆర్‌లో 2002 నాటి స్వీవ్, 2012 నాటి నిట్‌ఆర్ ద్వారా వివరణను, ఆదేశాలను ఒకే పత్రంలో వ్రాసి నివేదికను ఎప్పటికప్పుడు తిరిగి తయారుచేయవచ్చును.

తిరుపతికి సమీపంలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడారు ఉన్నది. ఇటువంటి రాడారు పరిశీలనలను ఎత్తు ఒక అక్షంగా, కాలం మరొక అక్షంగా రంగుల గ్రాఫులలో చూపుతారు. కంటికి ఇంపుగానే ఉన్నా, రంగును చూచి గాలివేగాన్ని ఖచ్చితంగా తిరిగి రాబట్టలేము. వాతావరణ శాస్త్రంలో విరివిగా వాడే నెట్‌సీడీఎఫ్ ఫైలులో అంకెలతో పాటు వాటి ప్రమాణాలను, వివరణను కూడా పొందుపరచవచ్చును.

తెలుగు లిపి

యూనికోడ్ కాని అను ఫాంట్లతో వ్రాసిన గ్రాఫు శీర్షికలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో వ్రాసినా, గ్రాఫు గీసే ప్రోగ్రాము తెలుగును ఎరుగకపోతే అక్షరాలకు బదులు డబ్బాలు వస్తాయి, లేదా వత్తులు విడిపోతాయి. ఫాంటు లేకపోవడం వలన కలిగే చిక్కుకు పీడీఎఫ్‌లో ఫాంటును పొదగడం మందు. పంపేముందు మరొక కంప్యూటరులో తెరచి చూడడం మేలు.

ఇతరులకు పంపునపుడు

ఎక్సెల్ గ్రాఫును వర్డు పత్రంలో పొదిగినపుడు దాని వెనుకనున్న వర్కుబుక్కు మొత్తం వెంట వెళ్ళవచ్చును. రోగుల పేర్లు, చిరునామాలు అందులో ఉంటే గ్రాఫును పొందినవారికి అవి కూడా చేరినట్లే. బొమ్మగా అతికించినపుడు ఈ ప్రమాదం లేదు. చిన్న గ్రామానికి సంబంధించిన పట్టికలో ఒక గడిలో 1 అని ఉన్నపుడు, పేరు లేకున్నా ఆ వ్యక్తి ఎవరో ఊరివారికి తెలిసిపోతుంది. కావున అటువంటి గడులను కలిపివేయడమో, మరుగుపరచడమో చేస్తారు.