తప్పని తేల్చారు, తీర్చేదెవరు?

అంతర్జాతీయ బ్యాంకుల జవాబుదారీతనం మీద ఈ వారం ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. సేకరించిన కాగితాల్లో ఒకటి నన్ను వదల్లేదు. అది 2013లో వెలువడిన ఆడిట్ నివేదిక. రాసింది ఉద్యమ సంఘం కాదు. ప్రపంచ బ్యాంకు బృందంలో ప్రైవేటు కంపెనీలకు అప్పులిచ్చే ఐఎఫ్‌సీకి సొంత తనిఖీ విభాగమైన సీఏఓ.

గుజరాత్‌లోని కచ్ తీరంలో ముంద్రా దగ్గర 4,000 మెగావాట్లకు పైబడిన బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం టాటా పవర్ అనుబంధ సంస్థకు ఐఎఫ్‌సీ 2008లో 45 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. అక్కడి వాఘేర్ మత్స్యకారులు ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు పిల్లాపాపలతో తీరానికొచ్చి గుడిసెలు వేసుకుంటారు. పట్టిన చేపలు అక్కడే ఎండబెడతారు. వానలు మొదలయ్యే వేళకు ఊళ్లకు మళ్లుతారు. శ్రీకాకుళం నుంచి వెరావల్ బోట్ల మీదికి వలసపోయే మన జాలర్ల సంగతి తెలిసినవారికి ఈ బతుకు కొత్త కాదు.

పట్టా లేదు, పక్కా ఇల్లు లేదు. అందుకే వాళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆడిట్ పట్టుకున్నది సరిగ్గా ఇదే. భూసేకరణ నిబంధనలు ఈ రుతు నివాసులకు ఎలా వర్తిస్తాయో ఐఎఫ్‌సీ సరిగా పరిశీలించలేదంది. మత్స్యకారులతో మొదట్లోనే జరగాల్సిన సంప్రదింపులు చాల్లేదంది. సముద్రపు నీటితో యంత్రాలను చల్లార్చి, వేడెక్కిన నీటిని తిరిగి కడలిలోకి వదిలే పద్ధతి ప్రమాణాలకు లోబడి ఉందో లేదో తగినంతగా నిర్ధారించుకోలేదంది.

ఐఎఫ్‌సీ చాలా అంశాలతో విభేదించింది. ఆడిట్‌తో పరిష్కారం రాలేదు. ఎందుకంటే సీఏఓ తప్పు చూపగలదు, దిద్దించలేదు. ఫిర్యాదుల విభాగాలున్నాయి కదా అని బ్యాంకులు చెప్పుకున్నప్పుడల్లా నాకు నమ్మకం కలగనిది ఇందుకే.

మత్స్యకారులు 2015లో ఐఎఫ్‌సీ మీద వాషింగ్టన్‌లో దావా వేశారు. దావాల నుంచి మాకు పూర్తి రక్షణ ఉందని ఐఎఫ్‌సీ వాదించింది. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 7-1 తేడాతో ఆ వాదనను కొట్టేసింది. పెద్ద గెలుపే. కానీ నష్టానికి మూలం భారత్‌లో ఉంది, అమెరికాలో కాదంటూ కింది కోర్టులు కేసు తోసిపుచ్చాయి. 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినడానికి ఒప్పుకోలేదు. తీరానికి ఏం నష్టం జరిగిందన్న ప్రశ్న విచారణకే రాలేదు.

బ్యాంకుల్లో ఈ ఫిర్యాదుల విభాగాల పుట్టుక వెనక నర్మద ఉంది. ఆ నది మీది సర్దార్ సరోవర్ ఆనకట్టను ప్రపంచ బ్యాంకే నియమించిన మోర్స్ కమిటీ 1992లో తీవ్రంగా తప్పుపట్టింది, 1993లో మిగిలిన బ్యాంకు రుణాన్ని భారత్ వదులుకుంది, అదే ఏడాది ప్రపంచ బ్యాంకు తనిఖీ ప్యానెల్ పెట్టింది, 1999లో సీఏఓ వచ్చింది.

ఈ కథ మన దగ్గరకూ వచ్చింది. అమరావతిలో భూసమీకరణ మీద రాజధాని ప్రాంత రైతులు కొందరు 2017లో అదే ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు జరపాలని ప్యానెల్ సిఫార్సు చేసింది. రాజధాని కోసం బ్యాంకును కోరిన రుణ అభ్యర్థనను కేంద్రం వెనక్కి తీసుకోవడంతో 2019 జులైలో 30 కోట్ల డాలర్ల ప్రతిపాదన ఆగింది. 2024 డిసెంబరులో అదే రాజధానికి బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. రైతులడిగిన ఆ దర్యాప్తు మాత్రం జరగలేదు.