లింకన్ మాట మార్చాడా?

1861 మార్చి 4న అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికే ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయామని ప్రకటించాయి. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లే ఉద్దేశం గానీ, అధికారం గానీ తనకు లేవని ఆయన ఆ రోజు హామీ ఇచ్చాడు. సరిగ్గా నాలుగేళ్లకు, రెండో ప్రమాణ స్వీకారం నాడు, ఆ చీలిక తెచ్చిన అంతర్యుద్ధం బానిసత్వమనే పాపానికి ఉత్తర దక్షిణాలు రెండింటికీ దేవుడు వేసిన శిక్ష కావచ్చన్నాడు. ఈ రెండు ప్రసంగాలనూ చూపించి లింకన్‌ను అవకాశవాది అనేవారున్నారు. మొదటిదాన్ని మరుగున పెట్టి మహాత్ముణ్ణి చేసేవారూ ఉన్నారు. ఎవరితో, ఏ అధికారంతో, ఏ పరిస్థితిలో మాట్లాడాడో చూస్తే తప్ప ఆయన మాటల్లో మారిందేమిటో, మారనిదేమిటో తేలదు.

బానిసత్వం తప్పని లింకన్ అధ్యక్షుడు కాకముందు నుంచే బహిరంగంగా చెబుతూ వచ్చాడు. కానీ అప్పటి రాజ్యాంగం ప్రకారం అది రాష్ట్రాల వ్యవహారం. కొత్త భూభాగాలకు పాకకుండా ఆపుతామన్నదే ఆయన పార్టీ వాగ్దానం. దక్షిణాదికి ఆ మాత్రం చాలింది. ఏప్రిల్ 12న కేంద్ర సైన్యం చేతిలో ఉన్న సమ్టర్ కోటపై ఫిరంగులు పేల్చింది. తర్వాత మరో నాలుగు రాష్ట్రాలు ఆ పక్షాన చేరాయి. జులై 4న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో లింకన్, విడిపోయే హక్కనే వాదనను తోసిపుచ్చి దీన్ని తిరుగుబాటుగానే లెక్కగట్టాడు. ఎన్నికల్లో ఓడినవారు ఆయుధాలు పట్టి దేశాన్ని చీల్చగలిగితే, ప్రజలు తమను తాము పాలించుకోవడం సాధ్యం కాదని తేలిపోతుందన్నది ఆయన వాదన సారం.

అప్పట్లో ఆయన బానిసత్వం విషయంలో అంత ఆచితూచి మాట్లాడటానికి కారణముంది. డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ బానిసత్వం ఉన్నా దేశంలోనే ఉండిపోయిన రాష్ట్రాలు. అవి జారిపోతే యుద్ధం చేజారినట్టే. అందుకే మిస్సోరీలో జనరల్ ఫ్రెమాంట్ తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటిస్తే, లింకనే ఆ ఉత్తర్వును మార్పించాడు.

ఆయన చెప్పలేకపోయినదాన్ని బానిసలు చేతల్లో చూపించారు. 1861 మేలో వర్జీనియాలో ముగ్గురు రాత్రివేళ పడవలో మన్రో కోటలోని ఉత్తరాది సైన్యాన్ని చేరుకున్నారు. దక్షిణాది సైన్యం వారితో ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. మరునాడు దక్షిణాది అధికారి ఒకరు వచ్చి, పారిపోయిన బానిసలను అప్పగించాలన్న చట్టాన్ని గుర్తుచేశాడు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఆ కోట సేనాధిపతి జనరల్ బట్లర్ ఒప్పుకోలేదు. వర్జీనియా పరాయి దేశమని మీరే అంటున్నప్పుడు అమెరికా చట్టం మీకెలా వర్తిస్తుందన్నది ఆయన తర్కం. శత్రువు యుద్ధానికి వాడే ఆస్తి కింద జమకట్టి వారిని అట్టిపెట్టుకున్నాడు. ఆ కబురు పాకి వందలమంది వచ్చారు. బానిసత్వాన్ని ముట్టుకోకుండా తిరుగుబాటును అణచలేమని వాషింగ్టన్‌కు నేర్పింది వాళ్లే.

1862 ఆగస్టులో సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసిన లేఖలో, తన లక్ష్యం దేశాన్ని కాపాడటమేనని, బానిసత్వాన్ని నిలపడమో తొలగించడమో కాదని లింకన్ అన్నాడు. అయితే అంతకు నెల కిందటే, జులై 22న, విముక్తి ప్రకటన ముసాయిదాను మంత్రివర్గానికి చదివి వినిపించాడు. ఓటముల నడుమ ప్రకటిస్తే నిస్సహాయతలా కనిపిస్తుందని విదేశాంగ మంత్రి సెవార్డ్ చెబితే ఒక గెలుపు కోసం ఆగాడు. రాబోయే నిర్ణయానికి ఉత్తరాదిని సిద్ధం చేసిన లేఖ అది. అదే ఆగస్టులో నల్లజాతి ప్రతినిధులను పిలిపించి, మధ్య అమెరికాకు వలసపోవడం మేలని సలహా ఇచ్చాడు. నల్లజాతి నేత ఫ్రెడరిక్ డగ్లస్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. ఆ ఖండన న్యాయమైనది. లింకన్ సలహాను వ్యూహం పేరుతో కప్పిపుచ్చలేం.

1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటనలో ఆవేశం వెతికినా దొరకదు. లూసియానా, వర్జీనియాల్లో ఏ జిల్లాలకు మినహాయింపో దస్తావేజు రాసినట్టు పేరుపేరునా ఉంటుంది. అది సర్వసేనానిగా యుద్ధావసరం కోసం తీసుకున్న చర్య. కోర్టులో నిలబడాలంటే అలాగే రాయాలి. నల్లవారికి సైన్యంలో చోటిచ్చిన వాక్యమూ అందులోనే ఉంది. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది చేరారు. ఆ నవంబరులో గెటిస్‌బర్గ్‌లో లింకన్ దేశం పుట్టుకను రాజ్యాంగం నుంచి కాక, సమానత్వం చాటిన 1776 స్వాతంత్ర్య ప్రకటన నుంచి లెక్కగట్టాడు. దేశాన్ని నిలబెట్టడం, స్వేచ్ఛను విస్తరించడం ఆ చిన్న ప్రసంగంలో ఒకే కర్తవ్యమయ్యాయి.

అసలు పరీక్ష 1864 ఆగస్టులో ఎదురైంది. యుద్ధం తెమలడం లేదు. ఎన్నికల్లో ఓడిపోతానని లింకనే అనుకున్నాడు. విముక్తి షరతు వదిలేసి శాంతి చర్చలకు దిగమని సొంత పార్టీవారే ఒత్తిడి తెచ్చారు. దేశం కోసం పోరాడిన నల్లజాతి సైనికులను మళ్లీ బానిసత్వంలోకి నెట్టలేనన్నాడు. యుద్ధావసరంగా చేసిన ప్రకటన యుద్ధం ముగిశాక చెల్లకపోవచ్చని, బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ సవరణకు పట్టుబట్టాడు. 1865 జనవరి 31న ప్రతినిధుల సభ దాన్ని ఆమోదించింది.

లింకన్ మాట మారింది, నిజమే. కానీ న్యాయం వైపు మారింది, అదీ ఆలస్యంగా, ఇతరుల తెగువ వల్ల. విముక్తి మాట ఒకసారి ఇచ్చాక మాత్రం పదవి పోయేలా ఉన్నా వెనక్కి తీసుకోలేదు. యుద్ధకాలపు నాయకుడి వాక్చాతుర్యాన్ని తూచాల్సింది అక్కడే.