‘అలెజ్డ్’ అనే మాటను ఎక్కడ నిలపాలి?

ఇంగ్లీషు దినపత్రికల్లోనూ, కోర్టు కాగితాల్లోనూ ‘అలెజ్డ్’ అనే విశేషణం తరచుగా ఎదురవుతుంది. ఆరోపణ ఉన్నది, రుజువు ఇంకా కాలేదు అని దాని భావం. తెలుగులో ‘ఆరోపిత’ అనవచ్చును గాని వాడుక తక్కువ. అందుచేత వార్త తెలుగులోకి వచ్చేసరికి ఈ మాట తరచుగా జారిపోతుంది. ఆరోపణ కాస్తా తీర్పుగా మిగులుతుంది.

2015 ఏప్రిల్ 7న, చంద్రగిరి పరిసరాల్లోని శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది మరణించారు. వారు తిరువణ్ణామలై, ధర్మపురి మొదలైన తమిళ జిల్లాల నుండి వచ్చినవారు. జాగ్రత్తగా రాసిన ఇంగ్లీషు వార్తల్లో వారు ‘అలెజ్డ్ స్మగ్లర్స్’. మన సంభాషణల్లోనైతే ఒట్టి స్మగ్లర్లు, ఎర్రచందనం దొంగలు. చెట్టు నరికే కూలీకీ, దుంగలను సముద్రం దాటించే వ్యాపారికీ ఒకే పేరు పెట్టడం మరొక అన్యాయం.

న్యాయం రెండు వైపులా ఒకే తూకంతో ఉండాలి. కూలీలు రాళ్లతో, గొడ్డళ్లతో దాడి చేశారని పోలీసులు చెప్పారు. వారిని ముందే పట్టుకొని చంపారని హక్కుల సంఘాలు చెప్పాయి. న్యాయస్థానంలో రుజువయ్యే వరకు రెండూ ఆరోపణలే. కనుక ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అని రాసేవారు కూడా ఈ విశేషణాన్ని విడువరాదు.

అయితే దీనిని ప్రతి మాటకూ తగిలించడమూ తప్పే. వివాదంలో ఉన్న అంశానికే అది చెందుతుంది. ఇరవై మంది మరణించడం ఆరోపణ కాదు, జరిగిన సంగతి. ‘అలెజ్డ్ అక్యూజ్డ్’ అని కొందరు రాస్తుంటారు. ఒకరిపై నింద పడిందన్నది వాస్తవమే కదా, అందులో సందేహమేమున్నది? ‘నిందితుడు’ అంటే చాలు. ‘దోషి’ అనేది మాత్రం తీర్పు వెలువడిన తరువాతి మాట.

ఇక్కడ మన ఇళ్లలో వినబడే మరొక మాట జ్ఞాపకం వస్తున్నది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగు కోర్టులకు చేరి ‘ముద్దాయి’గా మారి, నింద మోసేవాడికి పేరయింది! రుజువు చూపే బాధ్యత ముద్దయీదేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హదీసును తెలుగు అర్థంతో చదివితే భారమంతా తలక్రిందులై నిందితుని నెత్తిన పడుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా తప్పక చెప్పాలని మేము కోరుతున్నాము. వార్త తెచ్చినవాని మాటను విచారించి గాని నమ్మవద్దన్న హుజురాత్ సూరా 6వ ఆయతు కూడా దానితో కలిపి చెప్పదగినదే.

చనిపోయినవారిపై నేర విచారణ సాగదు. శేషాచలంలో మరణించిన ఆ ఇరవై మందిని ఏ న్యాయస్థానమూ ఇక దోషులని గాని, నిర్దోషులని గాని ప్రకటించజాలదు. వారి గురించి ఎన్నేళ్ల తరువాత రాసినా ‘ఆరోపిత’ అనే మాటను తొలగించే అధికారం మనకు లేదు.