తక్షణమునకు ఎన్ని పేర్లు!

1611వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన జేమ్సు ఆజ్ఞచే సిద్ధమైన బైబిలు అనువాదమున, మార్కు సువార్త ఆరవ అధ్యాయములో, హేరోదియ కూతురు రాజసన్నిధికి వచ్చి, బాప్తిస్మమిచ్చు యోహాను తలను పళ్లెములో పెట్టించి ‘బై అండ్ బై’ తన కిప్పింపుమని కోరుచున్నది. నేటి ఇంగ్లీషు చదువరి ఆ మాట చూచినచో, తొందరలేదు, కొంత తాళి యిచ్చినను చాలునని ఆమె యనుచున్నట్లు భావించును; కాని ఆనాటి అనువాదకుల హృదయమున నున్న అర్థము ‘ఈ క్షణముననే’ అని. 1881లో ఆ అనువాదమును సంస్కరించిన పండితులు దాని స్థానమున ‘ఫోర్త్‌విత్’ అని వ్రాసిరి. 1946లో అమెరికావా రా మాటనుగూడ విడిచి ‘ఎట్ వన్స్’ అని నిలిపిరి. మూలమునందలి గ్రీకు పదము మారలేదు, ఆ బాలిక ఆతురత మారలేదు. మారినది ఇంగ్లీషు భాషయే.

‘ఎట్ వన్స్’ అను పదబంధమునకు పర్యాయపదములు ఏవియని విద్యార్థి నిఘంటువు తెరచినచో అందు పదిపన్నెండు మాటలు సమానగౌరవముతో వరుస దీరియుండును. వాని పూర్వవృత్తాంత మెరిగినవారి కా సమానత్వము నమ్మదగినదిగా తోపదు. ‘సూన్’ అను మాటకు ప్రాచీనాంగ్లమున ‘వెంటనే’ యని యర్థము. నేడది ‘త్వరలో’ అని మాత్రమే చెప్పును. ‘ప్రెజెంట్లీ’ యును ఒకప్పుడు ‘ఈ నిమిషముననే’ అను నర్థమున ప్రయుక్తమై, క్రమముగా ‘మరికొంతసేపటికి’ అను అర్థములోనికి జారినది; మన దరఖాస్తులలో ‘ప్రస్తుతము’ అను అర్థమున అది కనబడుటయు తప్పుకాదు, ఏలయన అదియే దాని తొలి యర్థములలో నొకటి. ‘అనాన్’ అను పదము ‘ఒకటిలో’ అని యర్థమిచ్చు రెండు పాతమాటల కలయిక. ‘వన్స్’ అనునదియు ‘ఒకటి’ అను సంఖ్యనుండియే పుట్టినది గనుక, ఇవి రెండును ఏకమూలకములే. ఐనను ఒకటి బిగువు చెడక నిలిచినది, వేరొకటి సడలిపోయినది. షేక్‌స్పియరు రచించిన నాల్గవ హెన్రీ నాటకము మొదటిభాగములో ఫ్రాన్సిస్ అను మధుశాల సేవకుడు, లోపలిగదినుండి తన్ను పిలుచువానికి ‘అనాన్’ అని మాటిమాటికి బదులు పలుకుచునే, యువరాజు మాటలలో చిక్కి అడుగు కదల్పలేక నిలిచియుండును. ఆ పదము సడలిన విధము సమస్తము ఆ దృశ్యమున కన్నులకు గట్టినట్లున్నది. పిలిచినవాడు తత్క్షణము రమ్మనును. పిలువబడినవాడు తత్క్షణమే వచ్చుచున్నాననును, కాని చేతిలోని పని ముగియనిదే రాడు. ఇట్లు తరతరములు ఆ మాటకును ఆ ఆలస్యమునకును పొత్తు కుదిరి, తుదకు ఆలస్యమే దాని యర్థమగును. మన యిండ్లలో ‘ఇప్పుడే వస్తా’నని వీధిలోనికి పోయిన మనిషి ఎప్పుడు తిరిగివచ్చునో యెరిగిన తెలుగువారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

దీనికి విలోమముగా, వేగమును దెలుపు మాటలు తక్షణార్థమునకు ఎక్కివచ్చుటయు కలదు. గుస్టాఫ్ స్టెర్న్ అను స్వీడను దేశపు భాషావేత్త 1921లో ప్రకటించిన గ్రంథమున, 1300వ సంవత్సరమునకు పూర్వము ‘వేగముగా’ అను అర్థమును పొందిన ఇంగ్లీషు క్రియావిశేషణములు పిదప ‘వెంటనే’ అను అర్థమునుగూడ గడించినవనియు, ఆ తరువాతి కాలమున వేగార్థమును పొందినవి మాత్రము ఆ త్రోవ పట్టలేదనియు నిరూపించెను. వేగముగా స్వారిచేసి వచ్చినవాడు వెంటనే చేరినవాడే యగును గదా! మన అమరకోశమున అవ్యయవర్గము చూచినచో ‘సపది’ అను పదము రెండు తావుల కానవచ్చును: ఒకచోట ఝటితి, అంజసా, ద్రాక్, మంక్షు మున్నగువానితో గూడి శీఘ్రార్థమున, మరియొకచోట ‘సద్యః’తో గూడి తత్క్షణార్థమున. వేగమును తక్షణమును ఎంతటి పొరుగువారో అమరసింహుడు గ్రహించియే యున్నాడు.

అమరుని పేరు తలచుటకు వేరొక కారణము గలదు. ఇంగ్లీషు పర్యాయపదములకు ఆకరగ్రంథమైన ‘థిసారస్’ను కూర్చిన పీటర్ మార్క్ రోజె వృత్తిచే వైద్యుడు, చిరకాలము రాయల్ సొసైటీ కార్యదర్శి. 1805లో తన యుపయోగమునకై వ్రాసికొనిన చిన్న పట్టికను వార్ధకమున విస్తరించి, పదములను అకారాదిగాగాక భావములనుబట్టి వేయి శీర్షికలుగా, ఆరు వర్గములుగా విభజించి, డెబ్బదిమూడేండ్ల వయస్సున 1852లో ప్రకటించెను. మదరాసులో బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినదియు ఆ యేటనే. తనకు ముందు ఇట్టి పని చేసినవారిని పేర్కొనుచు రోజె, 1808లో శ్రీరామపురమున అచ్చైన కోల్‌బ్రూకు అనువాదముద్వారా తానెరిగిన అమరకోశమును స్మరించి, అమూర్తభావముల విషయమున అందలి వర్గీకరణము మిక్కిలి అసమగ్రమని తీర్పు చెప్పెను. వీధిబడులలో కంఠస్థము చేయుటకై ఛందోబద్ధముగా కూర్చిన గ్రంథమును, బల్లమీద తెరచి వెదకికొనుటకై కూర్చిన గ్రంథముయొక్క కొలతతో కొలుచుట న్యాయముకాదని నా యభిప్రాయము. ఐనను ఆ వృద్ధుని శ్రమకు నమస్కరింపవలసినదే.

పర్యాయములన్నియు ఒక్కటికావని రోజెయు ఎరుగును. వాని తారతమ్యమును వివరించుట తన పని కాదని ఆయన ఊరకుండెను. ‘ఇమ్మీడియట్లీ’ అనగా నడుమ మరేదియు చొరరాదని. ‘ప్రాంప్ట్‌లీ’ అన్నచో చేసినవాని తత్పరతకు ఒక మెప్పు తోడగును. ‘ఫోర్త్‌విత్’ న్యాయస్థానముల నోటను, శాసనముల వ్రాతలోను మెలగునది. మన కార్యాలయముల జాబులలో తరచుగా కనిపించు ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ మాత్రము తక్కినవానికన్న భిన్నము: సాధ్యమైనంత త్వరగా ననినప్పుడు సాధ్యమెంతయో నిర్ణయించు అధికారము కోరినవానినుండి చేయవలసినవానికి సంక్రమించును. వాక్యము మర్యాదగనే యుండును, గడువు మాత్రము కరగిపోవును.

ఈ భేదము ఎంతటి మూల్యము గొనగలదో అమెరికా న్యాయచరిత్ర తెలుపును. నల్లజాతి బాలురకు వేరుబడులు పెట్టుట రాజ్యాంగవిరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1954లో బ్రౌన్ వ్యాజ్యమున తీర్పుచెప్పెను. ఎప్పటిలోగా మాన్పవలెనను ప్రశ్న 1955లో మరల విచారణకు వచ్చినప్పుడు, ఆ బాలుర పక్షమున థర్‌గుడ్ మార్షల్ ప్రభృతి న్యాయవాదులు ‘ఫోర్త్‌విత్’ అని ఆజ్ఞాపింపవలెనని అర్థించిరి. న్యాయమూర్తులు ఆ మాట నంగీకరింపక ‘విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అని వ్రాసిరి. ఆలోచనతో గూడిన పూర్ణవేగమున నని దాని తాత్పర్యము. మనసులేనివారు అందలి వేగమును విడిచి ఆలోచనను మాత్రము పట్టుకొనిరి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీవారు ఉభయజాతులను ఒక్కబడిలో కూర్చుండబెట్టుట కొల్లక, 1959 మొదలు 1964 వరకు ప్రభుత్వపాఠశాలలనే మూసివేసిరి. చదువవలసిన వయస్సున ఆ నల్లజాతి పిల్లలలో పలువురు అక్షరమునకు దూరమైరి. ఒక పదబంధమే దీనికంతకు హేతువనుట సరికాదు. వైషమ్యము మాటకన్న మున్నే యున్నది. కాని ఆ వైషమ్యమునకు సందు చూపినది ఆ మాటయే.

1969 అక్టోబరు 29వ తేదీన, మిసిసిపీ పాఠశాలలకు సంబంధించిన అలెగ్జాండర్ వ్యాజ్యములో, అదే న్యాయస్థానము ఆ పాత ప్రమాణము ఇక చెల్లదని, జాతినిబట్టి రెండుగా నడుచు పాఠశాలల ఏర్పాటును ‘ఎట్ వన్స్’ అంతమొందింపవలెనని ఏకకంఠముతో శాసించెను. పదునాలుగేండ్ల క్రిందట ‘ఫోర్త్‌విత్’ అను మాటకై వాదించిన మార్షల్ అప్పటికి ఆ న్యాయపీఠముననే సభ్యుడై యుండెను. విద్యాసంవత్సరము నడుమనే, 1970 జనవరిలో, మిసిసిపీలోని అనేక పాఠశాలలు ఉభయజాతుల పిల్లలతో తెరువబడినవి. తెల్లవారిలో పలువురు తమ బిడ్డలను ప్రైవేటుబడులకు తరలించుకొనిరి.